పదును ఆరేలోపు

శనివారం, రాత్రి

అమావాస్య ఈరోజు కాదట, రేపట! నిన్న సాయంత్రం మామ అడిగితే, చంద్రుడు కనబడలేదు కాబట్టి తెల్లారితే అమావాస్యేనని గొప్పగా చెప్పాను. క్యాలెండర్ చూడలేదు. అమావాస్యనాడు ఎడ్లకు కాడి కట్టం కదా, వాన పడి నేల విత్తడానికి సరిపడే తడితో మంచి పదునులో ఉన్నా ఈరోజు విత్తనం వేయలేదు.

పక్క చేను బసమ్మ మొత్తం విత్తి వచ్చి నవ్వింది. "అమాస ముంగల సంద్రుడు తెల్లారగట్ల పొడుస్తడు పిల్లా. పొద్దుగూకినంక జూస్తే ఏడ కనబడ్తడు?"

ఇప్పుడు తెలిసి ఏం లాభం? రేపు అసలు అమావాస్య, రేపూ ఎడ్లు కొట్టంలోనే.

మామ తిట్టలేదు. చేనుకు పోయి పిడికెడు మట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "పిసుకు బిడ్డా" అన్నాడు. ముద్ద కట్టింది, పదును ఇంకా ఉంది.

ఎల్లుండి కూడా కడుతుందా? బయట తడి ఆర్పే గాలి ఆగడం లేదు...