ఆసామి బొమ్మ

సిద్దిపేట
ఏప్రిల్ 9

ప్రేమగల వినీతక్కకు,

నీ పిల్లలు అయిదు నెలలు కూసుండి గీసిన బట్ట పటాన్ని కత్తెర పెట్టి కోసింది మన చంద్రశేఖర్ కాక. నడుమల ఒక బొమ్మ, జానెడు వెడల్పు, కొలిచినట్టు కోసిండు. నలభై ఏండ్లు జాకెట్లు కత్తిరించిన చెయ్యి గద, ఒంకర పోలే. ఫోన్ల చెప్తె నువ్వు నడుమల ఏడుస్తవు, నా మాట ఆడనే ఆగుతది. అందుకే రాసి, మామిడికాయ తొక్కుతోని కలిపి భివండి బస్సు అంజన్న చేతికి ఇస్తున్న.

మీరు నా దగ్గర ఇడిసిపోయిన పిల్లలను ప్రైవేటు బడి మాన్పించి ఇంట్ల నేనే చదివిస్తనంటె, నువ్వు, సతీశ్ బావ ఒక ఏడాది చూద్దామన్నరు. కాకకు అది గిట్టలే. "డిగ్రీ నడుమల ఇడిసినోడు పంతులైండు. కరపత్రాలు సదివి పోరగాండ్లను కలెక్టర్లను చేస్తడట" అని, కొలతలిచ్చెటందుకు వచ్చిన ఆడోళ్ళందరికి చెప్పిండు. మెడకు టై ఉంటె లోపల చదువున్నట్టే అనుకునే మనిషి. ఆ బడిల ఏం నేర్పిన్రు? శ్రీజను రాజుల పేర్లు అడిగితె వరుస తప్పకుండ చెప్పింది. మన ఇంట్ల మగ్గం గుంత ఎవరు తవ్విన్రంటె నోరు తెరిచింది. రాజు పెండ్లాల పేర్లొచ్చి, తాత చేతి పని తెలువని చదువు ఎవనికి కావాలె?

అందుకే మన గల్లీ నేతపనినే పాఠం చేసిన. పదమూడేండ్ల శ్రీజ ముసలోళ్ళ దగ్గర కూసుండి అడిగి రాసుకుంటది. తొమ్మిదేండ్ల రమ్య ఒక గొల్లభామ బొమ్మకు చీరెల ఎన్ని పోగులు పడ్తయో లెక్క పెడ్తది, దాని లెక్కల పుస్తకం అదే. ఆరేండ్ల శ్రావణ్ నూలు కండెలు చుడ్తడు, సగం చిక్కు పెడ్తడు. ముగ్గురిని చేర్యాలకు తీస్కపోతె, పటాలు గీసే పెద్దాయన బట్టకు చింతగింజల అంబలి, తెల్లమట్టి ఎట్ల పూయాల్నో చూపిచ్చిండు. ఇంటికొచ్చి అట్లనే పూసి, ఎర్ర రంగు మీద పది బొమ్మలు గీసినం. పత్తి చేను కాడికెంచి మీ భివండి పవర్‌లూమ్ దాక మనోళ్ళ చరిత్ర అండ్ల ఉన్నది.

కాక కోసింది ఏడో బొమ్మ. నూలిచ్చి నేయించుకునే ఆసామి ఒకడు, గొల్లభామ నెత్తి మీది కుండ రెండు పోగులు పక్కకు జరిగిందని, మన గల్లీ కనకవ్వ మగ్గం మీద సగం నేసిన పడుగును కోసుకపోయిన బొమ్మ. మగ్గం మీది పడుగు కోసుడంటె నేతగాని మొహం మీద ఉమ్మేసినట్టు. కనకవ్వ పెనిమిటి ఆ వారమే భివండి బస్సెక్కిండు, మళ్ళ గల్లీల కనవడలే.

ఎందుకు కోసినవని అడిగితె, మిషిను తొక్కుడు ఆపలే. "కోసిన, ఏం చేస్తవ్‌ర? జూన్ల పిల్లలను హాస్టల్ల ఎయ్యుమని సతీశ్‌కు చెప్పిన" అన్నడు. ఆసాముల చీరెలకు ఫాల్ కుట్టి బతికినోనికి ఆసామి బొమ్మ చూస్తె మండదా? ఆ మనిషి గడప నేను ఇగ తొక్క. పిల్లలు నా దగ్గర ఉంటరా, హాస్టల్‌కు పోతరా, నువ్వే చెప్పు.

నీ తమ్ముడు
శైలేందర్


సిద్దిపేట
ఏప్రిల్ 14

అక్కా,

పటం కోసింది కాక కాదు. నీ బిడ్డ శ్రీజ.

నాలుగు దినాల కింద అన్నం తినుకుంట శ్రావణ్ బయటపెట్టిండు. "మామా, అక్క కోసింది, నేను కొస పట్టుకున్న" అని, తనకు కూడ పేరు రావాలన్నట్టు చెప్పిండు. శ్రీజ ఏం దాయలే. నోటుబుక్కు తెచ్చి నా ముందర పెట్టింది. జనవరిల కనకవ్వ చెప్పిన మాటలు. "ఆసామి ఎవరవ్వా?" అని అడిగింది శ్రీజ. "ఇంకెవరు బిడ్డా, మీ తాత సిద్ధయ్యనే" అన్నది కనకవ్వ.

ఆ పేజీ నేను అప్పుడే చదివినక్కా. చదివి, ముసల్దానికి మతి లేదు, అది రాయకుమన్న. ఆసామి అంటె బొర్ర ఉండాలె, మీసం ఉండాలె, చేతికి ఉంగరాలుండాలె అని చెప్పి, ఊరు పేరు లేని ఒకన్ని గీయించిన. మన బాపు మోసపోయిన నేతగాడని ఎన్ని మీటింగులల్ల చెప్పిన్నో నీకు తెలుసు. ఆ మాట ఇడువబుద్ధి కాలే.

"చేతులతోని పని చేసినోళ్ళను అడగాలె, రాసినోళ్ళను నమ్మొద్దంటివి. అడిగిన. నువ్వే నమ్మలే మామా. అందుకే ఆ అబద్ధం బొమ్మ కోసిన" అన్నది నీ బిడ్డ. ఆ బడోళ్ళు రాజులకు చేసే ఊడిగమే నేను మన బాపుకు చేసిన. వాళ్ళకు జీతమన్న ఉంటది, నాకు పొగరు తప్ప ఏం లేదు.

కత్తెర కాక దగ్గరనే తెచ్చింది. సంగతి విని, ఒంకర పోవద్దని సుద్దతోని గీత గీసిచ్చింది కూడ ఆయననే. తెల్లారి దుకాణానికి పోయి, నీ మీద ఎందుకేసుకున్నవు కాకా అని అడిగిన. "పిల్ల మీద ఒర్రుతవని. నువ్వు మాట్లాడెటప్పుడు నీ చెవులు పనిచెయ్యయ్‌ర" అన్నడు. హాస్టల్ మాట మాత్రం ఎనుకకు తీసుకోలే.

బాపును అడిగిన. చాయ గ్లాసు కింద పెట్టి, "కోసిన. అప్పుడు ఆ రెండు పోగులే పెద్దగ కనవడ్డయి" అన్నడు. శ్రీజ కొత్తగ గీసిన ఏడో బొమ్మ చూపిస్తె, "మొహం నాదే. అంగి గంత మంచిది లేకుండె" అన్నడు. నీకు ఇదంత ముందే తెలుసు గద అక్కా? గల్లీల అందరికి తెలుసు. చరిత్ర చెప్పబోయిన నాకొక్కనికే తెలువదు, తెలుసుకోవద్దనుకున్న గనుక.

కొత్త బొమ్మ కుట్టి పటం నిండుగ చేసినం. దాన్ని కనకవ్వ వాకిట్ల విప్పి కథ చెప్తమని అడగపోతె, ఆమె చాట పక్కకు పెట్టి, "మీ నాయినను తీస్కరా. ఏడో బొమ్మ నేనే చెప్త. ఆయనకు కుర్చీ మాత్రం ఎయ్య, నిలవడి ఇనాలె" అన్నది. సరే అన్న. బాపు కూడ వస్తనన్నడు.

గల్లీల ఇల్లిల్లు తిరిగి చెప్తున్న. మగ్గం నేసినోళ్ళు, నేయించినోళ్ళు, వాళ్ళ కొడుకులు, కోడండ్లు అందరు రావాలె. నువ్వు, బావ శనివారం బస్సెక్కున్రి. చూసి, విని, పిల్లలను నాకిస్తరో హాస్టల్‌కిస్తరో ఆ వాకిట్లనే అందరి ముందర చెప్పున్రి. నేను ఎదురు మాట్లాడ.

ఆదివారం పొద్దున పదింటికి, కనకవ్వ వాకిట్ల.

శైలేందర్