నాకిములి మోకరిల్లకపోతే తిట్టకు
కంపాలా

వదినా, అందరం కులాసా. సెలవులకు నీ మేనకోడలు నాకిములిని మీ తమ్ముడు శనివారం మసాకాలో మీ ఇంటికి తీసుకొస్తున్నారు.

మన ఆడపిల్లలందరిలా పెద్దలముందు మోకరిల్లి పలకరించడం లేదని దాన్ని తిట్టకు. నాలుగేళ్ల కిందట మోటారుసైకిల్ మీంచి పడ్డప్పుడు తలకు తగిలిన దెబ్బ పైకి మానింది గాని, లోపలిది పిల్ల ఎదిగేకొద్దీ బయటపడుతోందట, డాక్టరు చెప్పాడు. మొన్న పాస్టరుగారొస్తే నిలబడే ఉంది. పక్కింటావిడ "గారం నెత్తికెక్కింది" అంది. నాకు తల కొట్టేసినట్టయి కసిరాను. వెంటనే మోకరిల్లింది. ఆయన వెళ్లాక, అరటికాయలు ఉడకేసి వచ్చి చూద్దునుకదా, ఇంకా అక్కడే మోకాళ్లమీద ఉంది. "అమ్మా, నేనెందుకు మోకరిల్లాను?" అంది.

అత్తయ్య నడుంనొప్పి తగ్గిందా? కాఫీగింజలు ఎండాయా? పిల్లకు ఒకసారికి ఒక్క పనే చెప్పు. అత్తయ్యకు నా దండాలు. నీముందు మోకరిల్లితే మాత్రం, చెయ్యి పట్టుకుని నువ్వే లేపు వదినా.

మరదలు నబోసా