జిలేబి, జంతికల తొట్టిలో తెల్ల పురుగులు

హైదరాబాద్,
జూలై 3.

పై అంతస్తు బైరాగిగారికి,

మీ కింద గదిలో అద్దెకుండే శ్రీవల్లి నమస్కరించి రాయునది. రెండు నెలల ట్రైనింగుకని ఆఫీసువాళ్ళు నన్ను ఉన్నపళంగా హైదరాబాదు తోలేశారు. తాళంచెవి మీ చేతికిచ్చి వచ్చాను గానీ, కంగారులో అసలు సంగతి చెప్పలేదు. ఫోన్‌లో చెబుదామంటే మీకు వినపడదు. మెసేజి పెడదామంటే అక్షరాలు ఆనవు. బడిలో సెలవు చీటీ తరవాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే, తప్పులుంటే దిద్దుకోండి.

నా గదిలో కిటికీ పక్కన గాజుతొట్టి ఉంది. అందులో రెండు నత్తలున్నాయి. పెద్దది జిలేబి, చిన్నది జంతిక. గుడ్డు నుంచి పెంచాను. బయల్దేరే రోజు వాటి ఒంటిమీద ఇసుక రేణువంతేసి తెల్ల పురుగులు పరుగెత్తడం చూశాను. నత్త ఊపిరి తీసుకునే రంధ్రంలో దూరి పీడిస్తాయి. వదిలేస్తే ప్రాణమే పోతుంది. దయచేసి రోజూ గోరువెచ్చని నీళ్ళతో నత్తలకు స్నానం చేయించి, తొట్టిలో మట్టి మార్చండి. మందు మాత్రం కొట్టొద్దు. మీరు దోమల విభాగంలో పనిచేసినవారు కాబట్టి మళ్ళీ రాస్తున్నాను, మందు కొట్టొద్దు.

ఇట్లు,
శ్రీవల్లి

తా.క.: మందు కొట్టొద్దు.


ఖిదిర్‌పూర్,
కోల్‌కతా, జూలై 10.

చి. శ్రీవల్లికి,

బైరాగి ఆశీర్వదించి రాయునది. మునిసిపాలిటీ దోమల విభాగంలో ముప్పై నాలుగేళ్ళు చేసినవాడికి ఒక గాజుతొట్టి లెక్కా? ఉత్తరం అందిన రోజే తనిఖీ చేసి, తొట్టి మీద సుద్దముక్కతో తేదీ కూడా వేశాను. తప్పులు రెండు దొరికాయి. తొట్టిలో పెట్టిన సీసా మూతలో నీళ్ళు నిలవ ఉంచావు. చదువుకున్న పిల్లవు, వానాకాలంలో నిలవనీళ్ళు పెట్టుకుంటారా? పారబోశాను. రోజూ వెళ్ళి చూసి మరీ పారబోస్తున్నాను. ఇక రెండోది, మట్టిలో తెల్లగా గెంతే పురుగులు వందల కొద్దీ ఉన్నాయి. మట్టిని మరిగే నీళ్ళలో వేసి ఒక్కటి మిగలకుండా చేశాను. మందు కొట్టలేదు. మాటంటే మాటే.

స్నానాలు కూడా సాగుతున్నాయి. మా ఆవిడ నరసమ్మ చూసి, "ఏటీ, నత్తలకి తానాలా? నా ఈపు రుద్దమంటే నడుం నొప్పంటావు!" అంది. నేను వినపడనట్టు జంతిక మీద ఇంకో చెంచాడు నీళ్ళు పోశాను.

ప్రస్తుతం రెండూ లోపలికి పోయి తలుపేసుకున్నాయి. నా మీద కోపం కాబోలు.

ఇట్లు,
బైరాగి
(దోమల విభాగం విశ్రాంత ఉద్యోగి)

తా.క.: మా ఇంట్లో తెలుగు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. మనవరాలు పాప నీ ఉత్తరంలో గుండ్రటి అక్షరాలు చూసి, "దాదూ, ఈ జిలేబీలు ఎవులు పెట్టీరు?" అని అడిగింది. నీ దస్తూరీ బాగుంది.


హైదరాబాద్,
జూలై 16.

బైరాగి తాతగారికి,

కంగారు పడుతూనే నమస్కారాలు. అయ్యో, గెంతేవి శత్రువులు కావండీ! బూజు తిని తొట్టిని శుభ్రంగా ఉంచుతాయని నేనే కొని తెచ్చి వేశాను. శత్రువులు పరుగెత్తేవి. నత్తలు తలుపేసుకున్నది కోపంతో కాదు, దాహంతో. ఆ మూతలో రోజూ నీళ్ళు పోయండి, మీకు పుణ్యముంటుంది.

పరుగెత్తేవి ఇంకా ఉంటే ఒక ఉపాయం ఉంది. వాటిని పట్టి తినే గోధుమరంగు పురుగులు దొరుకుతాయి. నత్తల జోలికి పోవు. బెంగళూరులో ఒకాయన అమ్ముతాడు, మీ చిరునామాకు పార్సెల్ పంపమన్నాను. రాగానే మట్టిలో చల్లేయండి.

ఇట్లు,
శ్రీవల్లి

తా.క.: పార్సెల్‌ను మరిగే నీళ్ళలో వేయకండి.


ఖిదిర్‌పూర్,
జూలై 27.

చి. శ్రీవల్లికి ఆశీస్సులు.

పార్సెల్ వచ్చింది. నా సర్వీసులో పురుగులను చంపమన్నవాళ్ళే గాని, పోస్టులో పంపి వదలమన్నవాళ్ళు లేరు. చెయ్యి రాలేదు. కళ్ళు మూసుకుని చల్లాను.

ఏం చెప్పమంటావు! గోధుమరంగు వీరులు వరసకట్టి బయల్దేరారు. భూతద్దం పెట్టి చూశాను. ఒక్కొక్కడు నాలుగేసి తెల్లవాటిని పట్టి నమిలాడు. నమిలే చప్పుడు నా చెవులకు వినబడింది. అయినా తెల్లవి తగ్గడం లేదమ్మా. దానికి తోడు నల్ల ఈగలు పుట్టాయి. మొన్న చీమల దండు వచ్చింది. నిన్నటి నుంచి ఒక బల్లి కిటికీలో కాపు కాసింది. వీరుల్లో ఒకడు దారి తప్పి నరసమ్మను కుట్టాడు. "నత్తలు కావాలో నేను కావాలో తేల్చు" అని కూర్చుంది. రెండు రోజులు గడువడిగాను.

జిలేబి నీరసంగా ఉంది. జంతిక తిండి మానేసింది. ఇప్పుడేం చేయాలో ఒక్కొక్క పురుగుకూ విడివిడిగా, వివరంగా రాయి.

ఇట్లు,
బైరాగి

తా.క.: కాగితానికి రెండు వైపులా రాయవచ్చు.


హైదరాబాద్,
ఆగస్టు 4.

తాతగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం చదివాక అన్నం సయించలేదు. ఇక్కడి ఆఫీసువాళ్ళు నన్ను హైదరాబాదులోనే ఉండిపొమ్మంటున్నారు. ఇన్నాళ్ళూ ఎటూ తేల్చుకోలేకపోయాను, మీరు తేల్చేశారు. ఆ గది నా నత్తలకు అచ్చిరాలేదు. నెలాఖరుకు వచ్చి ఖాళీ చేస్తాను. తొట్టిని నాతో తెచ్చేసుకుంటాను. అప్పటిదాకా ఆ రెండు ప్రాణాలనూ నిలపండి, అంతే చాలు.

ఇట్లు,
శ్రీవల్లి

తా.క.: అమ్మమ్మగారిని ఎక్కడ కుట్టింది? మందు పంపుతాను.


ఖిదిర్‌పూర్,
ఆగస్టు 9. స్పీడ్ పోస్టు.

శ్రీవల్లీ,

గది ఖాళీ చేయకు. ఈ ముక్క రెండుసార్లు చదువుకుని తరవాత కిందికి రా.

తొట్టిలో ఒక్క పురుగు లేదు. స్నానాలకే పోయాయి, పార్సెల్ రాకముందే. మూతలో నీళ్ళు పోయగానే నత్తలు తలుపు తీశాయి. జంతిక ఈ పూట దోసకాయ ముక్క ఖాళీ చేసింది. ఈగలు, చీమలు, బల్లి అన్నీ నేను కుర్చీలో కూర్చుని పుట్టించినవే. నరసమ్మను ఎవరూ కుట్టలేదు. నీ ఉత్తరం చదివి వినిపించి, తప్పు ఒప్పుకున్నాను. "ఉజ్జోగమంతా పురుగుల్ని సంపినావు. ఇప్పుడు కాయితం మీద పెంచుతన్నావేటి?" అంది.

ఎందుకు చేశానంటే, పురుగులు పోయాయని రాస్తే నువ్వు రెండు ముక్కల్లో థాంక్స్ రాసి ఊరుకుంటావు. మా అన్న పోయి పన్నెండేళ్ళు. అప్పటి నుంచి నా పేరున తెలుగులో ఒక్క ఉత్తరం రాలేదు. నీ మొదటి ఉత్తరం నాకు అక్షరం పొల్లుపోకుండా వచ్చు. ముసలివాణ్ణి, సిగ్గుపడుతూ రాస్తున్నాను. నీ ఉత్తరాలు ఆగకూడదనే రాసుకుంటూ పోయాను, నేనే నిన్ను వెళ్ళగొట్టుకున్నట్టయింది.

ఇట్లు,
బైరాగి

తా.క.: నమిలే చప్పుడు కూడా వినబడలేదు.


హైదరాబాద్,
ఆగస్టు 14.

తాతయ్యా,

నాకు ముందే తెలుసు. మీరు భూతద్దంలో చూసిన వీరుల గురించి బెంగళూరు ఆయన నాకు ఫోన్ చేశాడు. సరుకు అయిపోయిందట, వాళ్ళ మనిషి పొరపాటున ఉత్త కొబ్బరిపొట్టు పంపేశాడట. క్షమించమన్నాడు. ఆ మర్నాడే మీ యుద్ధం నాకు అందింది. క్యాంటీన్‌లో నేను నవ్విన నవ్వుకు పక్క బల్లవాళ్ళు నీళ్ళు తెచ్చిచ్చారు. గది ఖాళీ చేస్తానన్నది మీ మీద కసి తీర్చుకోవడానికి. లేనిది రాయడం మీ దగ్గరే నేర్చుకున్నాను.

మూడేళ్ళు మీ కింద గదిలో ఉన్నాను. "నీళ్ళొచ్చాయి", "గేటు వేశావా" తప్ప మనం ఏం మాట్లాడుకున్నాం? మీకు వినపడదని నేను, నాకు తీరిక లేదని మీరు ఊరుకున్నాం. ఇక్కడ హాస్టల్లో వందమందిమి ఉన్నాం గానీ, సాయంత్రం రాగానే నేను అడిగేది వాచ్‌మన్‌ని, ఉత్తరం వచ్చిందా అని. నెలాఖరుకు వస్తున్నాను, ఉండడానికే.

మీ
శ్రీవల్లి

తా.క.: ఇక్కడ ఉండలేనని ఆఫీసుకు అర్జీ పెట్టుకున్నాను. కారణం దగ్గర "కోల్‌కతా ఇంట్లో పురుగుల బెడద" అని రాసి, రుజువుగా మీ జూలై 27 ఉత్తరం జతచేశాను. మా మేనేజరు మొత్తం చదివి సంతకం పెట్టాడు. ట్రైనింగు అయిన వెంటనే బయల్దేరమన్నాడు. నరసమ్మగారికి తన తరఫున ధైర్యం చెప్పమన్నాడు.