పండగపూట పరీక్ష

అక్కా,

చదువు మధ్యలో మానేసిన పిల్ల చదివిన ఏడాది ఎక్కడికి పోతుంది? లెక్చరరుగా అరకు వచ్చిననాటి నుంచి నన్ను వేధించిన ప్రశ్న ఇది. కొత్త విద్యా విధానం పుణ్యమా అని ఆ ఏడాది ఇప్పుడు పిల్ల ఖాతాలో క్రెడిట్లుగా నిలిచి ఉంటోంది. పెళ్ళయి మానేసిన మా దొయిమతి ఒక్క ప్రాక్టికల్ చేసి చూపిస్తే నేరుగా డిప్లొమా రెండో ఏడాదిలో చేరవచ్చు.

తీరా ఆ పరీక్ష ఇక్కడి గిరిజనులు చైత్రంలో చేసుకునే ఇటుకల పండగలో పడింది. వైజాగ్ నుంచి వచ్చిన ఎగ్జామినరుని జీపులో తీసుకొస్తుంటే, ఆడవాళ్ళు ఆనవాయితీగా రోడ్డుకు వెదురు బొంగు అడ్డం పెట్టి ఆపారు. బొంగు పట్టుకున్నది దొయిమతే!

"పండగపూట ఎవులైనా పని సేత్తారేటి మేడం? వాయిదా ఏసీసుంటారనుకున్నాను" అంది.

నేను నచ్చజెప్పబోయాను. ఎగ్జామినరు మాత్రం నవ్వి, "జీపెక్కమ్మా" అన్నారు.

"మా గుంటని ఊరికే అట్టుకెలిపోతారేటి? ఓ అడుగెయ్యండి సారూ" అన్నారు ఆడవాళ్ళు. పాపం, ఆయన వాళ్ళతో కలిసి థింసా నాట్యం ఆడాకే దారి వదిలారు.

సాయంత్రానికి ఆ పిల్ల కాలిపోయిన ఫ్యాను మోటారుకు కొత్త తీగ చుట్టి గిర్రున తిప్పేసింది! కాలేజీ అంతా చప్పట్లే. జూన్‌లో మళ్ళీ నా క్లాసులో కూర్చుంటుంది.

బావగారి పాత మల్టీమీటర్ అటక మీద ఉంటే పంపు, ఆమెకిస్తాను. వంటింటి కుళాయి కారడం ఆగిందా? ఆయనకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

"మళ్ళీ రావచ్చు కదా మేడం" అంటూ ఈ ఏడు ఇంకో ఇద్దరు మానేశారు. రావడం తేలిక చేశామో, పోవడం తేలిక చేశామో నేనింకా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లెలు
శకుంతల