రమేశ్ పేరున బియ్యం

మరిది రమేశ్‌కు, మీ వదిన రాస్తున్నది.

మీరిద్దరూ జనరేటర్ల పని మీద అంటార్కిటికా పోకముందు ఒక ఉదయం గుర్తొస్తోంది. మియాపూర్ ఇంట్లో నేను దీపం పెడుతున్నాను. నువ్వు చాయ్‌లో రొట్టె ముంచుకుంటూ మీ అన్న యాదగిరిని, "జర జల్ది కానీయ్, పెండ్లికొడుకువా ఏంది?" అని ఆటపట్టించావు. ఇద్దరూ ఒకే బండి మీద హైటెక్ సిటీకి, జనరేటర్ డ్యూటీకి పోయారు.

అంటార్కిటికాలో మీరిద్దరూ మంచుతుఫానులో చిక్కుకున్నప్పుడు, సాయం తెస్తానని మిమ్మల్ని కలిపి కట్టిన తాడు విప్పుకొని వచ్చాడు మీ అన్న. తిరిగి వెళ్తే నువ్వు లేవు. మూడేళ్లయింది. ఏటా పెత్రమాసకు, ఆ పితృ అమావాస్య నాడు, పోయినవాళ్లకు ఇచ్చినట్టు నీ పేరున అయ్యగారికి బియ్యమిద్దామంటే గుమ్మానికి అడ్డం నిలబడతాడు. "బియ్యమిస్తే వాణ్ణి రెండోసారి ఇడిచిపెట్టినట్టె" అంటాడు. దేవుడి ముందు కూర్చున్నా నాకు విసుగు తగ్గడం లేదు.

ఈ రోజు నీ భార్య సుజాత నోరు తెరిచింది.

"బావా, ఆయనను తేలేకపోయినవ్. నిన్ను ఒక్క మాటన్న అన్ననా? మరి నన్ను ఇంకెన్నేండ్లు గిట్ల ఎదురుచూడమంటవ్?"



సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. రేపు పెత్రమాసకు సుజాతే తన చేతులతో బియ్యమిస్తుంది. యాదగిరి ఒప్పుకోలేదు. గుమ్మానికి అడ్డం మాత్రం రానన్నాడు.