ఆ కుర్చీ మార్పించుకో

చెల్లీ,

దస్తూరీ చూసి కంగారుపడకు. నేను చెబుతుంటే మీ బావ రాస్తున్నాడు. ఫోనులో చెబితే "సరేలే అక్కా" అని నవ్వేస్తావు, అందుకే ఉత్తరం.

ఆఫీసులో నీకు నా పాత సీటే ఇచ్చారట. ఆ కుర్చీని పొద్దున ఎంత పైకి లేపినా మధ్యాహ్నానికల్లా కిందికి జారిపోతుంది. దాంతో టైపు చేసేటప్పుడు మణికట్లు పైకి వంగిపోతాయి. మొదటిరోజే వేరే కుర్చీ అడుగు. మోచేతులు కీబోర్డుకి సమానంగా ఉండాలి. మణికట్లని బల్ల అంచుకి ఆనించకు. మధ్యమధ్యలో లేచి నాలుగడుగులు వెయ్యి. పక్కసీటావిడ "అప్పుడే అలిసిపోయావా" అంటుంది, అననీ.

బొటనవేలు తిమ్మిరెక్కితే మాత్రం నాలాగా విదిలించుకుని మళ్లీ టైపింగ్‌కి కూర్చోకు, డాక్టరు దగ్గరికెళ్లు. నాకు ఆపరేషనయ్యాక నొప్పి తగ్గింది కానీ, పట్టు తిరిగి రాలేదు.

పాప ఎలా ఉందని అడిగావు. బాగుంది, మాటలు బాగా వస్తున్నాయి. పోయిన నెల నేను ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయింది. పరుపు మీదే పడింది, దెబ్బేం తగల్లేదు. మీ బావకి చెప్పలేదు, ఇప్పుడు రాస్తూ తెలుసుకుంటున్నాడు. ఆగకు, రాయి అంటున్నాను.

అప్పటినుంచి వాళ్ల నాన్నని చూస్తే ఎత్తుకోమని చేతులు చాపుతుంది. నన్ను చూస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "నేను నడుత్తాగా అమ్మా" అంటుంది.

కుర్చీ సంగతి మర్చిపోకు.

నీ అక్క