గోరువెచ్చని నీళ్ళు

మూడో తారీకు, సోమవారం

ప్రియమైన అన్నయ్యకి,

ఫోన్లో అయితే నేను అరుస్తాను, నువ్వు పెట్టేస్తావు. పైగా మీ సొరంగం పనిలో కొండ దిగితే గానీ సిగ్నల్ ఉండదాయె. అందుకే మన పాత ఒప్పందం ప్రకారం కాగితం మీదే అరుస్తున్నాను.

మా లాండ్రీలో రెండో మెషీను అత్త ఆసుపత్రిలో ఉంది. శనివారం చేర్చాం. మొదట జ్వరం అంది, తర్వాత ఒళ్ళు నొప్పులంది, చివరికి దుప్పటి మూట ఎత్తబోయి మూట మీదే కూలబడింది. న్యుమోనియా అన్నారు. ఆమెకంటే ముందే డ్రయ్యరు దగ్గర ఇద్దరు పడ్డారు. పది రోజుల్లో ముగ్గురు. ఒకే లాండ్రీ, ఒకే జబ్బు. మా సూపర్‌వైజరు ఏమన్నాడో తెలుసా? "వాతావరణం మారింది కదమ్మా" అన్నాడు. వాతావరణం మా ఒక్క గేటు లోపలే మారిందా అనడిగాను. నన్ను రెండు రోజులు మురికి గుడ్డలు విడదీసే బల్ల దగ్గర వేశాడు.

నేనేం ఊరుకోలేదు. లైబ్రరీలో కూర్చుని రెండు పుస్తకాలు నమిలేశాను. జబ్బు గాల్లోంచి ఊడిపడదు అన్నయ్యా. దానికీ ఒక ఇల్లుంటుంది. కొన్నిటికి మనిషి ఒళ్ళు, కొన్నిటికి జంతువు, కొన్నిటికి మట్టి. ఆ ఇల్లు మాత్రం జబ్బు పడదు, నిక్షేపంగా ఉంటుంది. పక్కన బతికేవాళ్ళే పోతారు. మా దగ్గర ఆ ఇల్లేదో కనిపెట్టాను. ఇస్త్రీ తాత పెంచే పావురాలు! ముప్ఫై ఒకటి. డాబా మీద, సరిగ్గా మేం దుప్పట్లు ఆరేసే తీగల పక్కన. ఎండిన రెట్ట పొడి అవుతుంది, అందులో బూజు, అది ఊపిరితిత్తుల్లోకి. పుస్తకంలో ఉంది. డాక్టరుకి కూడా చెప్పాను, రాసుకున్నాడు. మునిసిపాలిటీకి అర్జీ పెట్టాను, నలభై మంది సంతకాలతో. తాత బాధపడతాడని తెలుసు. కానీ అత్త కంటే పావురాలెక్కువా?

నాకు పని నేర్పింది ఆవిడే కదా. సబ్బుపొడి ఒక చెంచా ఎక్కువైతే చేతి మీద ఒకటిచ్చేది. నిన్న చూడ్డానికి వెళ్తే మాటకీ మాటకీ మధ్య ఆయాసపడుతూ "ఈ దుప్పట్లు... మనం ఉతికినవి కావే... మడతలోనే తెలుస్తోంది" అంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఒక్క మంచి మాట. నువ్వు కట్టిన స్నానాల గది వల్లే ఇక్కడ మనుషుల్లా ఉన్నాం. నీళ్ళ వేడి కూడా ఇప్పుడు బాగుంది. దుప్పట్లు మడతపెట్టే మడతలమ్మాయికి షవరు నీళ్ళ వేడికి భుజం కాలింది చూడు, అప్పుడు నేను అర్జీ రాసిచ్చి, ఒక షిఫ్టు అంతా అందరం మూటల మీద కూర్చుని బాయిలరు తగ్గించేదాకా లేవలేదు. ఇప్పుడు గోరువెచ్చగా వస్తున్నాయి, పసిపిల్లకి పోసినట్టు. అది నా గెలుపు.

కోపం తగ్గని
నీ చెల్లి

*

ఏడో తారీకు, శుక్రవారం

మిరపకాయకి,

నీ ఉత్తరం నిన్న అందింది. అత్త గురించి చదివాక అన్నం సహించలేదు. అక్కడ పనిచేసిన రెండు నెలలూ నాకు రోజూ టీ తెచ్చిచ్చింది ఆమె. "నా మోకాళ్ళు చూడరా, నిలబడి స్నానం చెయ్యలేను" అంటే చివరి షవరు కింద సిమెంటుతో చిన్న అరుగు కట్టింది నేనే. ఆమె ఇంకా ఆ చివరిదాన్లోనే స్నానం చేస్తోందా? మిగతా ఇద్దరు ఎక్కడ చేస్తారో కనుక్కుని రాయి.

పావురాల సంగతి నాకు తెలియదు. నువ్వు చదివావు, నేను చదవలేదు. కాకపోతే తాత మంచివాడు. కొంచెం ఆగరాదూ?

ఇంకోటి. ఆ చివరి షవరు గోడలో లీకు ఉంది. నేనున్నప్పుడే చూశాను, సరిచెయ్యడం కుదరలేదు. గోడ కూలితే ప్రమాదం. దాన్ని వాడొద్దని అందరికీ చెప్పు. మర్చిపోకు. బాయిలరు కూడా మళ్ళీ పెంచమను, చన్నీళ్ళు కలుపుకోవచ్చు కదా.

ఇక్కడ పని మామూలే. రోజంతా దుమ్ము. అత్తకి నేను అడిగానని చెప్పు.

ఉంటాను మరి,
అన్నయ్య

*

పన్నెండో తారీకు, బుధవారం

అన్నయ్యకి,

ప్రియమైన అని రాయలేదని గమనించు. ఎందుకో కింద రాస్తాను.

సోమవారం మునిసిపాలిటీవాళ్ళు వచ్చారు. నలుగురు మనుషులు, వెదురు గంపలు. తాత ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి డాబా మీదికొచ్చాడు. గొడవ చేస్తాడనుకున్నాను, మాటలు సిద్ధం చేసుకుని వెళ్ళాను. ఆయన వాళ్ళతో, "మెడ పట్టకండయ్యా, రెక్కల కింద చెయ్యి పెట్టండి, కదలవు" అన్నాడు. ఒక్కొక్కదాన్నీ ఎలా పట్టుకోవాలో ఆయనే చూపించాడు. చివరి గంప వెళ్ళాక నా వైపు తిరిగి, "అత్త త్వరగా లేవాలి తల్లీ" అని కిందికెళ్ళిపోయాడు. మళ్ళీ పెట్టె అందుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

పరీక్ష కోసం పావురాల్ని అదే రోజు చంపేశారు. నిన్న పరీక్ష కాగితం వచ్చింది. ఏ జబ్బూ లేదు. ముప్ఫై ఒకటీ శుభ్రం.

ఇదిలా ఉంటే మడతలమ్మాయికి రాత్రి నుంచి నూట మూడు జ్వరం. ఆ పిల్ల డాబా ఎక్కనే ఎక్కదు, ఎత్తంటే భయం. అత్తకి ఆక్సిజన్ పెట్టారు. డాక్టరు బూజుకి మందిస్తున్నాడు, నా మాట పట్టుకుని. పని చెయ్యడం లేదు. నేను చెప్పింది తప్పేమోనండీ అని ఇవాళ వెళ్ళి చెప్పాను. "మరేదమ్మా?" అన్నాడు. తెలియదండీ అన్నాను. నేను! తెలియదన్నాను!

ఇప్పుడు నీ సంగతి. నీ ఉత్తరం చూసి చివరి షవరు గోడ అంతా తడిమాను. సుత్తితో తట్టాను. చెమ్మ లేదు, చార లేదు, పెచ్చు లేదు. లీకూ లేదు, నీ మొహమూ లేదు. మూడేళ్ళు నీ పక్కన పానా పట్టుకుని తిరిగినదాన్ని, నాకే కథలు చెప్తావా? అందరికీ ఏమని చెప్పను? మా అన్నయ్యకి కలొచ్చిందనా? ఎవరికీ చెప్పలేదు. అడిగావు కాబట్టి రాస్తున్నాను, పడ్డవాళ్ళంతా ఆ వరసలో చివరి రెండు షవర్లు వాడేవాళ్ళే. అత్త అయితే అరుగు మీద అరగంట కూర్చుంటుంది.

నువ్వేదో దాస్తున్నావు. ఫోన్ చేసి నాన్చకు. చేసినా ఎత్తను, ముందే చెప్తున్నా. మాట్లాడనిస్తే నన్ను మెత్తబరుస్తావు. రాయి. నిజం రాయి. సంతకం పెట్టు.

చెల్లి

*

పదహారో తారీకు, ఆదివారం

చెల్లీ,

నిన్న నీ ఉత్తరం అందగానే కొండ దిగి మూడుసార్లు ఫోన్ చేశాను. నువ్వు ఎత్తలేదు. లాండ్రీ ఆఫీసుకి చెయ్యొచ్చు. సూపర్‌వైజరు ఎత్తుతాడని చెయ్యలేదు. మెసేజీ పెట్టొచ్చు. రెండుసార్లు కొట్టి రెండుసార్లూ చెరిపేశాను. అలాంటి మాట నాలుగు ముక్కల్లో ఎలా పంపాలో తెలియలేదు. ఇది సాకు. సాకని తెలిసే రాస్తున్నాను.

ముందు చెయ్యాల్సిన పని. ఇది చదివిన నిమిషమే డాక్టరు దగ్గరికి పరిగెత్తు. "పైపుల్లో నిలవ ఉన్న నీళ్ళ నుంచి షవరు తుంపర ద్వారా వచ్చే న్యుమోనియా" అని చెప్పు. ఆయనకి అర్థమవుతుంది. దానికి మందు వేరే ఉంది. స్నానాల గదికి తాళం వేయించు. తర్వాత మిగతాది చదువు.

చదువుతున్నావా? సరే.

స్నానాల గది గోడ వెనక బట్టలు ఉడకబెట్టే పాత గదికి వెళ్ళే గొట్టం ఉండేది. ఆ గది మూసేశారు. పద్ధతి ప్రకారం ఆ గొట్టాన్ని మెయిన్ లైను దాకా కోసి తీసెయ్యాలి. అలా చెయ్యాలంటే గోడ సగం పగలగొట్టాలి. ఇంకా రెండు రోజులు పట్టేది. సూపర్‌వైజరు రోజూ వచ్చి నెత్తిన నిలబడేవాడు, మీరందరూ ఎప్పుడు తెరుస్తారని అడిగేవాళ్ళు. నేను గొట్టం చివర డమ్మీ మూత బిగించి ప్లాస్టరు చేసేశాను. నాలుగు మీటర్లు. ఒక వైపు మూత, ఇంకో వైపు చివరి షవరు. అందులోకి నీళ్ళు వెళ్తాయి, కదలవు. మా మేస్త్రీలంతా అలాగే చేస్తారు. డమ్మీ కొట్టేస్తే పని అయిపోయినట్టే మాకు. లీకు కాకపోతే చాలు, మంచి పనివాడని పేరు.

ఇక్కడికొచ్చాక, ఎనిమిది నెలల కింద, మా ప్లంబర్లందరికీ ఒక రోజు పాఠం పెట్టారు. ఒకావిడ అలాంటి గొట్టం నిలువునా కోసి తెచ్చింది. లోపల జిగురు, వేలు పెడితే జారేంత. ఆ జిగురులో ఒక క్రిమి ఉంటుందట. నీళ్ళు బాగా వేడిగా ఉంటే చస్తుంది. బాగా చల్లగా ఉంటే పెరగదు. గోరువెచ్చగా, కదలకుండా ఉంటే దానికి స్వర్గం. తాగితే సాధారణంగా ఏం కాదు, తుంపరగా పీలిస్తేనే. మనిషి నుంచి మనిషికి అంటదు. అందరూ ఫొటోలు తీసుకున్నారు. నేను మాత్రం వెనక బెంచీలో కూర్చుని మీ గోడ గురించే ఆలోచించాను. అప్పట్లో బాయిలరు నీళ్ళు కాలిపోయేంత వేడిగా ఉండేవి కదా, ఏం కాదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆ రోజు రాయాల్సింది. ఒక కార్డు ముక్క చాలు.

నీ మొదటి ఉత్తరంలో గోరువెచ్చన అనే మాట చదవగానే తెలిసిపోయింది. తెలిసీ లీకు అని రాశాను. ఆ షవరు వాడటం ఆగాలి, నా పేరు రాకూడదు. రెండూ కావాలనుకున్నాను. బాయిలరు తగ్గించమన్నది నీ తప్పు కాదు. కాలిన భుజం చూసినవాళ్ళు ఎవరైనా అదే అడుగుతారు. గోడ వెనక ఏముందో నీకు తెలియదు. తెలిసినవాణ్ణి నేను.

నా పేరు అందరికీ చెప్పు. సంతకం పెడుతున్నాను, పూర్తిగా.

నీ అన్నయ్య, ఆ గొట్టానికి డమ్మీ కొట్టిన ప్లంబరు

*

ఇరవై ఎనిమిదో తారీకు, శుక్రవారం

ప్రియమైన అన్నయ్యకి,

ఈ ఉత్తరం ఐదోది. మొదటి నాలుగూ చింపేశాను. వాటిలో నిన్ను తిట్టిన తిట్లు బాగానే కుదిరాయి, చదివితే ఏడ్చేవాడివి. కానీ ప్రతిదాన్లోనూ మూడో పేరాకి వచ్చేసరికి పెన్ను నా వైపే తిరిగేది.

నీ ఉత్తరం ఇరవయ్యో తారీకు, గురువారం, రెండో షిఫ్టు మొదట్లో వచ్చింది. ఏప్రాన్ విప్పకుండానే పరిగెత్తాను. డాక్టరు నీ వాక్యం రెండుసార్లు చదివాడు. అత్త మూత్రం పరీక్షకి పంపాడు. ఒక్క గంట, అన్నయ్యా. మూడు వారాలు దొరకనిది ఒక్క గంటలో దొరికింది. అప్పటికప్పుడు మందు మార్చారు. మడతలమ్మాయి రెండో రోజే లేచి కూర్చుంది, ఆకలి అంది. డ్రయ్యరువాళ్ళిద్దరూ ఇంటికెళ్ళారు.

అత్త శనివారం పొద్దున్న పోయింది.

మందు మార్చి రెండు రోజులు కాలేదు. నేను డాక్టర్ని పట్టుకుని అడిగాను, ఐదు రోజుల ముందు తెలిసుంటే బతికేదా అని. ఆయన ఇద్దరు పేషెంట్లని చూసొచ్చి, మళ్ళీ నా దగ్గరే ఆగి, "చెప్పలేనమ్మా. ఐదు రోజులంటే చాలానే" అన్నాడు. అబద్ధం చెప్పనందుకు ఆయన్ని తిట్టలేకపోయాను.

ఆ ఐదు రోజులెక్కడివో నీకు తెలుసు. పదిహేనో తారీకు మధ్యాహ్నం నా జేబులో ఫోను మూడుసార్లు మోగింది. నీ పేరు చూశాను. మొదటిసారి పక్కామెకి చూపించి, "మా అన్నయ్య దారికొస్తున్నాడు, ఇంకాస్త మగ్గనీ" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. మూడోసారి ఫోను తిరగేసి సబ్బుపొడి డబ్బా మీద పెట్టి పని చేసుకున్నాను. నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. నాకు వినే ఓపిక లేకపోయింది. నిజం రాయమని నిలదీసినదాన్ని, నిజం మోగుతుంటే పంతం పట్టాను.

ఆరోగ్య శాఖవాళ్ళు గోడ పగలగొట్టించారు. గొట్టం కోశారు. నువ్వు రాసినట్టే ఉంది లోపల. వాళ్ళ ఆఫీసరు సూపర్‌వైజర్ని అడిగింది, నీళ్ళ వేడి ఎందుకు తగ్గించారని. వాడు వేడి తగ్గించమన్న నా అర్జీ తీసి చూపించాడు. మొదటి సంతకం నాది, అందరి కంటే పెద్దది. ఆవిడ అది చదివి పక్కన పెట్టింది. వేడి పైనే ఉంచి, షవరు దగ్గర చన్నీళ్ళు కలిపే మీట పెట్టాల్సిందని కంపెనీకి రాసింది. అంత చిన్న మీట. అది అడగాలని నాకు తెలియదు. తెలియకపోవడం తప్పు కాదన్నావు. పావురాల విషయంలోనూ నాకు తెలియదు, కానీ తెలిసినట్టు నలభై మంది చేత సంతకాలు పెట్టించాను. డాక్టరు చేత మందు వేయించాను. అది తెలియకపోవడం కాదు.

నిన్న ఇస్త్రీ తాత దగ్గరికి వెళ్ళాను. క్షమించమని అడగడానికి మాటలు కూడదీసుకుంటుంటే, "అక్కడ నిలబడకు, ఆవిరి తగుల్తుంది" అన్నాడు. అంతే. చొక్కా కాలరు మీద పెట్టె నడిపిస్తూనే ఉన్నాడు. నేను పక్కకి జరిగాను. ఆయన క్షమించలేదు. క్షమించాల్సిన పని కూడా ఆయనకి లేదు.

నీ పేరు ఆరోగ్య శాఖవాళ్ళకి చెప్పాను. కంపెనీ నీ మీద తోసేసి చేతులు దులుపుకుందామని చూస్తోంది. అది నేను సాగనివ్వను. రెండు రోజులు ఇవ్వనిది వాళ్ళు, పని తనిఖీ చెయ్యకుండా తాళం చెవులు తీసుకున్నది వాళ్ళు. దాని మీద ఎంతైనా అరుస్తాను. కానీ అరవలేని చోటొకటి ఉంది.

అత్త కూతురు రోజూ షిఫ్టు మారే వేళకి గేటు దగ్గరికొస్తోంది. అమ్మకి ఏమయిందో చెప్పమంటోంది. ఆఫీసువాళ్ళు "విచారణ జరుగుతోంది" అంటారు. మావాళ్ళంతా నన్ను చూస్తారు. నేను మూడు రోజులుగా వెనక గేటు నుంచి వెళ్తున్నాను. నేను, అన్నయ్యా! వెనక గేటు నుంచి!

సెలవు అడక్కు, పెట్టేసి రా. సోమవారం మొదటి బస్సుకి స్టాండులో ఉంటాను. గొట్టం సంగతి నువ్వు చెప్పు, ఫోను సంగతి నేను చెప్తాను. ఆ పిల్ల కొడితే కొట్టించుకుందాం. ముందు గేటు దగ్గరే నిలబడదాం.

నీ కోసం చూస్తూ,
చెల్లి